రెండో ఆదాయం ఎంత దూరంలో ఉంది?

(కొడంగల్‌లో ఇచ్చిన పోస్టు మాస్టారు స్మారక ఉపన్యాసం)

ఈ ఉపన్యాసం ఒక పోస్టు మాస్టారి జ్ఞాపకార్థం. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. తన పేరు ఎక్కడా రాయించవద్దని ఇంట్లో చెప్పి వెళ్లారు. ఆ మాటను గౌరవిస్తూ నేనూ ఆయనను ఊరు పిలిచిన పిలుపుతోనే తలచుకుంటాను.

నా చిన్నతనంలో సంక్రాంతి దాటి కంది కళ్లం ముగిసిందంటే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. బొంబాయి బస్సు ఎక్కినవాళ్లు మళ్లీ మృగశిరకు గాని తిరిగొచ్చేవాళ్లు కాదు. మా నాయిన కూడా అలా వెళ్లినవాడే. నెలకో, రెండు నెలలకో మనియార్డరు వచ్చేది. ఆ ఫారానికి అడుగున చిన్న కూపను ఉండేది, నాలుగు మాటలు రాసుకునేందుకు. మా అమ్మ వేలిముద్ర వేసే ముందు ‘ఏడికెల్లి వచ్చింది సారూ?’ అని అడిగేది. ఎంత వచ్చిందన్న ప్రశ్న ఆ తర్వాతే. మేస్త్రి ఎప్పుడు ఏ పనికి మారుస్తాడో తెలియని రోజులవి. మాస్టారు ఫారం మీది తపాలా ముద్రను వెలుతురులో పట్టి చూసి, ఈసారి థానే అనో, ఈసారి పుణె అనో చెప్పేవారు. మనిషి ఎక్కడున్నాడో తెలిశాకే ఆమె నోట్లు లెక్కపెట్టుకునేది.

పంట అమ్మినప్పుడు మార్కెట్ యార్డులో ఇచ్చే తక్‌పట్టీ, పోస్టాఫీసుకు వచ్చే మనియార్డరు ఫారం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప మన రైతు ఇంటి లెక్క తెలియదని మాస్టారు అనేవారు. తర్వాత నేను అర్థశాస్త్రం చదువుకున్నాను, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఆయన ఆ చిన్న గదిలో కూర్చుని పట్టుకున్న విషయాన్నే పుస్తకాల్లో మళ్లీ మళ్లీ చదివాను. పరిశ్రమలు, పట్టణాలు పెరిగే దేశంలో రైతు ఆదాయం దీర్ఘకాలంలో ఏమవుతుందన్నది ఈ సాయంత్రం మన ముందున్న ప్రశ్న. నా అభిప్రాయం మొదటే చెబుతాను. మొత్తం ఆదాయంలో సేద్యం వాటా తగ్గుతూనే వస్తుంది, దాన్ని ఆపే శక్తి ఏ ప్రభుత్వానికీ లేదు. రైతు కుటుంబం నిలబడేది పొలానికి తోడు ఇంకో ఆదాయం దొరికినప్పుడు. ఆ రెండో ఆదాయం ఇంటికి ఎంత దూరంలో దొరుకుతుందన్న దానిమీదే ఆ కుటుంబం కలిసి ఉంటుందా, చెదిరిపోతుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఒకే నేల, రెండు బతుకులు

మన ప్రాంతం ఎన్నిసార్లు చేతులు మారిందో ఇక్కడి పెద్దలకు గుర్తే. హైదరాబాద్ రాష్ట్రంలో కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో కొడంగల్ మహబూబ్‌నగర్‌కు, తాండూరు హైదరాబాద్ జిల్లాకు వచ్చాయి. తాండూరు, వికారాబాద్ ఆ తర్వాత రంగారెడ్డి జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక మళ్లీ అందరం ఒక గూటికి చేరాం. జిల్లాలు మారినా నేల మారలేదు. సున్నపురాయి పైన పరుచుకున్న నల్లరేగడి, దాని పక్కనే చెల్క. జొన్న, కంది, శనగ మన పాత పంటలు. ఈ ముప్పై ఏళ్లలో జొన్న చేలు చాలామటుకు పత్తి చేలయ్యాయి.

తాండూరు కందిపప్పు త్వరగా ఉడుకుతుందని, రుచి ఉంటుందని హైదరాబాద్ వంటిళ్లకూ తెలుసు. ఆ గుణానికి ఇక్కడి నల్లరేగడిలోని అట్టాపల్గైట్ అనే బంకమన్ను, కింద ఉన్న సున్నపురాయి కారణమని శాస్త్రజ్ఞులు వివరించారు. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తుతో, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే సున్నపురాయిని తవ్వి తాండూరు నాపరాళ్లు అమ్ముతున్నాం. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సిమెంటు కార్పొరేషన్ ఫ్యాక్టరీకి, చుట్టుపక్కల ప్రైవేటు సిమెంటు కంపెనీలకు కూడా ఆ రాయే ముడిసరుకు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం పడ్డప్పటి నుంచీ ఆ పట్టాల మీద మన ధాన్యమూ పోయింది, మన రాయీ పోయింది. ఒక నేల నుంచి వ్యవసాయమూ పరిశ్రమా రెండూ పుట్టిన చోటు మనది. కాబట్టి ఈ రెండింటి సంబంధం గురించి మాట్లాడడానికి మనం వేరే దేశాలకు పోనక్కర్లేదు. పోయి చూసి వస్తే మన సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది, అంతే.

కడుపుకు కొలత ఉంది

1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక శాస్త్రజ్ఞుడు బెల్జియంలోని కుటుంబాల ఖర్చుల పట్టికలు పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని చూపించాడు. మనకు ఈ సంగతి ఇంట్లోనే తెలుసు. నెలకు పదిహేను వేలు సంపాదించే ఇంట్లో మూడు కిలోల కందిపప్పు వాడతారనుకోండి. జీతం లక్షన్నర అయినంత మాత్రాన ఆ ఇంట్లో ముప్పై కిలోల పప్పు ఉడకదు. పెరిగిన డబ్బు ఇంటి అద్దెకు, ఫోనుకు, పిల్లల ఫీజులకు, ఆస్పత్రికి, హోటలుకు పోతుంది. దేశం మొత్తం ధనవంతమయ్యేకొద్దీ ఖర్చయ్యే ప్రతి కొత్త రూపాయిలో రైతుకు చేరే భాగం చిన్నదవుతుంది.

అమెరికా అర్థశాస్త్రవేత్త విల్లార్డ్ కాక్రేన్ 1958లో రెండో కారణం వివరించాడు. కొత్త విత్తనం, కొత్త యంత్రం వచ్చినప్పుడు ముందుగా అందుకున్న రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. అందరూ అందుకునేసరికి పంట పెరిగి ధర పడిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు నిలబడ్డచోటే నిలబడాలన్నా ఆ పెట్టుబడి పెట్టక తప్పదు. గానుగెద్దు రోజంతా నడుస్తుంది, గానుగ చుట్టూనే ఉంటుంది. ఆ నడక వల్ల తినేవాడికి ఆహారం చౌకగా దొరుకుతుంది, దేశానికి మేలు జరుగుతుంది. ఆ మేలు రైతు ఇంట్లో నిలవదు.

మూడో కారణం పొలానికీ పళ్లేనికీ మధ్య దారి పొడుగవడం. మర ఆడించడం, ప్యాకెట్ చేయడం, గోదాము, లారీ, షోరూము, ప్రకటన, ఇంటిదాకా చేర్చే కుర్రాడు. తినేవాడు ఇచ్చే డబ్బులో వీటన్నిటికీ వాటా ఉంది. అమెరికాలో ఆహారం మీద ఖర్చయ్యే ప్రతి డాలరులో, అంటే నూరు సెంట్లలో, రైతుకు చేరేది ఇటీవలి సంవత్సరాల్లో పదహారు సెంట్ల దగ్గర ఉంటోంది.

అమెరికా, జపాన్ నడిచిన దారి

1920లో అమెరికా జనాభాలో దాదాపు 30 శాతం వ్యవసాయ కుటుంబాల్లో ఉండేది. ఇప్పుడు 2 శాతం కూడా లేదు. 1930ల మాంద్యంలో ధరలు కూలిపోయినప్పుడు ఆ ప్రభుత్వం 1933లో వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, 1909–14 నాటికి పంటకు ఎంత కొనుగోలు శక్తి ఉండేదో దాన్ని తిరిగి ఇవ్వాలన్నది దాని లక్ష్యం. తొంభై ఏళ్లుగా ఏదో ఒక రూపంలో మద్దతు ఇస్తూనే ఉన్నారు. అయినా అక్కడి రైతు కుటుంబాలు పట్టణ కుటుంబాల ఆదాయాన్ని అందుకోవడానికి ఆ మద్దతు ఒక్కటే సరిపోలేదు. లక్షల కుటుంబాలు పొలం వదిలిపోయాయి, మిగిలినవాళ్ల కమతాలు పెద్దవయ్యాయి, ఉన్న కుటుంబాల్లో భార్యో భర్తో బడిలోనో, ఆస్పత్రిలోనో, ఫ్యాక్టరీలోనో ఉద్యోగం పట్టుకున్నారు. ఈ రోజు అక్కడి సగటు రైతు కుటుంబ ఆదాయంలో ఎక్కువ భాగం పొలం బయటి నుంచే వస్తుంది. అందరినీ వరుసలో నిలబెట్టి నడిమధ్య కుటుంబాన్ని చూస్తే, దానికి చాలా ఏళ్లు సేద్యం మీద వచ్చేది నష్టమే.

జపాన్ కథ మనకు ఇంకా దగ్గరిది, అక్కడివి కూడా చిన్న కమతాలు కాబట్టి. రైతుల జీవన ప్రమాణం ఇతర వృత్తుల వారితో సమానం కావాలని 1961లో వాళ్లు వ్యవసాయ మౌలిక చట్టం చేశారు. వరి ధరకు గట్టి మద్దతు ఇచ్చారు. కానీ అసలు మార్పు ఊరికి బస్సు దూరంలో లేచిన ఫ్యాక్టరీలు తెచ్చాయి. రైతు తన మడిని అమ్మలేదు, వారమంతా ఫ్యాక్టరీకి వెళ్లి సెలవు రోజున నాటు వేసుకున్నాడు. 1970లు వచ్చేసరికి రైతు కుటుంబాల మొత్తం ఆదాయం పట్టణ ఉద్యోగుల కుటుంబాల స్థాయికి చేరింది. దానికీ ఒక మూల్యం ఉంది. ఫ్యాక్టరీకి పోయిన పిల్లలు పొలానికి తిరిగి రాలేదు, ఇప్పుడు అక్కడ ప్రధానంగా సేద్యం చేసేవారి సగటు వయసు 65 దాటిపోయింది. అయితే కుటుంబాలు ఊళ్లోనే ఉండి ఆదాయం పెంచుకున్నాయి. అమెరికాలో లక్షల మందికి ఆ అవకాశం దొరకలేదు. 1930ల దుమ్ము తుఫానుల్లో సామాను మూటగట్టుకుని కాలిఫోర్నియా దారి పట్టిన కుటుంబాల గోడు బొంబాయి బస్సు ఎక్కిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక మన దేశం. 1950–51లో జాతీయోత్పత్తిలో సగానికి పైగా వ్యవసాయానిదే. ఇప్పుడు ఆ వాటా 18 శాతం దగ్గర ఉంది. ఇంతవరకు మన నడకా వాళ్ల నడకా ఒకటే. తేడా మనుషుల లెక్కలో ఉంది. 2023–24 కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవారిలో 46 శాతం ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు. 2018–19లో 42 శాతం దాకా తగ్గిన ఆ వాటా, కొవిడ్ కాలంలో పట్టణాల నుంచి కాలినడకన తిరిగొచ్చినవాళ్లతో పెరిగి మళ్లీ తగ్గలేదు. నూరు రూపాయల సంపదలో 18 రూపాయలను 46 మంది పంచుకుంటుంటే, మిగతా 82 రూపాయలను 54 మంది పంచుకుంటున్నారు. పొలంలో ఒక మనిషి శ్రమకు దక్కే విలువ బయటి మనిషి విలువలో నాలుగో వంతు. మన రైతు సోమరి అయినందువల్లో, తెలివి తక్కువైనందువల్లో ఈ తేడా రాలేదు. పొలంలో మిగిలినవాళ్లకు బయట నమ్మకమైన పని చూపించకుండానే దేశం ముందుకు నడిచింది.

కంది చెప్పే కథ

మన కందినే తీసుకుందాం. 2015లో వరుసగా వానలు తప్పి పంట తగ్గినప్పుడు పట్టణాల్లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది. ఆ ధర చూసి మరుసటి ఏడు దేశమంతా కంది వేసింది, వానలూ బాగా పడ్డాయి. 2015–16లో దాదాపు 26 లక్షల టన్నులున్న దేశ దిగుబడి 2016–17లో 49 లక్షల టన్నులకు దగ్గరైంది. అదే 2016 జులైలో మొజాంబిక్ నుంచి పప్పుధాన్యాలు తెప్పించుకునే ఒప్పందం కూడా కుదిరింది. బోనసుతో కలిపి మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలని ప్రకటించినా, కొత్త పంట యార్డుకు చేరేసరికి బయటి ధర దానికంటే దిగువకు జారిపోయింది. యార్డుల ముందు బండ్లు, ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరి ఉండడం ఈ సభలో చాలామంది స్వయంగా అనుభవించారు. 2021 మే నుంచి కంది దిగుమతిని పరిమితులు లేకుండా తెరిచి, ఆ గడువును పొడిగిస్తూ వచ్చారు.

పట్టణంలోని పేదవాడికి పప్పు అందాలి, దాన్ని నేను కాదనను. కానీ ధర పెరిగిన ఏడు దిగుమతి తలుపు తెరుచుకుంటుంది, పడిపోయిన ఏడు అది మూసుకోవడానికి నెలలు పడతాయి. మంచి ఏడులో దక్కాల్సిన లాభం చేజారిపోతే, చెడ్డ ఏడు నష్టాన్ని పూడ్చుకోవడానికి రైతు దగ్గర ఏమీ మిగలదు. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ), ఇక్రియర్ అనే పరిశోధన సంస్థ కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనం 2000–01 నుంచి 2016–17 వరకు ఈ విధానాలన్నిటినీ లెక్కగట్టింది. సబ్సిడీలన్నీ కలిపినా భారత రైతుకు నికరంగా అందింది మద్దతు కాదని, అతని రాబడి నుంచి 14 శాతం తీసుకున్నట్టే అయిందని తేల్చింది. ధనిక దేశాలు తమ రైతుకు ఇస్తూ వచ్చాయి. మనం మన రైతు దగ్గర తీసుకుని పట్టణానికి ఆహారం చౌకగా అందించాం.

2010–11లో కంది మద్దతు ధర 3,000 రూపాయలు, 2025–26కు 8,000. పదిహేనేళ్లలో రెండున్నర రెట్లు దాటింది. ఈ కాలంలో డీజిలు, కూలి, మందులు, ఇంటి ఖర్చులు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటిని తీసేస్తే నిజమైన పెరుగుదల కొంచెమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి నాలుగు క్వింటాళ్ల కంది వచ్చిందనుకుందాం. పది క్వింటాళ్లు, పూర్తి మద్దతు ధరకు, ఒక్క కిలో తరుగు తీయకుండా అమ్ముడుపోయాయనుకుందాం. వచ్చేది 80,000 రూపాయలు. విత్తనం, దున్నకం, కలుపు, పురుగుమందు, కోత కూలి ఒక్క పైసా తీయకుండా చూసినా నెలకు 6,700 కూడా కాదు. ఇది నలుగురున్న ఇంటికి. తెలంగాణలో తలసరి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటింది, అది ఒక్క మనిషికి. దిగుబడి రెట్టింపైనా, ధర సగం మేర పెరిగినా ఈ రెండు అంకెలు కలుసుకోవు. మద్దతు ధర కోసం పోరాడొద్దని నేను అనను, ఆ పోరాటం న్యాయమైనది. స్వామినాథన్ కమిషన్ చెప్పిన ‘ఖర్చుపై యాభై శాతం’ దక్కాల్సిందే. ఆ గెలుపు తర్వాత కూడా రెండున్నర ఎకరాల ఇంటికి ఇంకో ఆదాయం కావలసే ఉంటుంది.

రెండు కాగితాలు

మాస్టారి రెండు కాగితాల లెక్కను జాతీయ నమూనా సర్వే కూడా నిర్ధారించింది. 2012–13లో దేశంలో సగటు వ్యవసాయ కుటుంబానికి నెలకు 6,426 రూపాయలు వచ్చేవి. అందులో పంట మీద 3,081, కూలి, జీతాల మీద 2,071. 2018–19కి మొత్తం 10,218 అయింది. పంట మీద 3,798, కూలి, జీతాల మీద 4,063. ఆరేళ్లలో పంట వాటా 48 శాతం నుంచి 37కు పడిపోయింది. ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ‘వ్యవసాయ కుటుంబం’ అయిన ఇంటికి ఇప్పుడు పంట కంటే కూలి, జీతాల డబ్బే ఎక్కువ వస్తోంది. తెలంగాణలో మొత్తం ఆదాయం 9,403 రూపాయలు, దేశ సగటు కంటే తక్కువ. అప్పులో ఉన్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో సగం ఉంటే, మన రాష్ట్రంలో నూటికి 91కి పైగా ఉన్నాయి.

మన పాలమూరు నేల మీదే దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి కొన్ని మెట్ట గ్రామాల్లో మకాం వేసి, ఇంటింటి లెక్క ఏళ్ల తరబడి రాసింది. వాటిలో రెండు, ఔరేపల్లె, డోకూర్, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. ప్రపంచంలో ఏ అర్థశాస్త్ర విద్యార్థి మెట్ట రైతు గురించి చదివినా ఈ రెండు పేర్లు తప్పకుండా ఎదురవుతాయి. మొదట్లో ఆ ఇళ్ల ఆదాయమంతా దాదాపు సేద్యం, వ్యవసాయ కూలి మీదే. పాతికేళ్ల తర్వాత, 2001లో మళ్లీ లెక్కలు మొదలుపెట్టినప్పుడు ఆదాయం పెరిగింది, పేదరికం తగ్గింది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం పొలం బయటి నుంచి వచ్చింది. డోకూర్‌లో అది వలస నుంచి, పట్టణాల్లో కట్టడం పనుల నుంచి. పాలమూరు లేబర్ కట్టిన ఆనకట్టలు, భవనాలు దేశమంతా ఉన్నాయి. వాళ్ల చేతికి దొరికిన రెండో ఆదాయం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. పిల్లల బడి మానిపించి తీసుకుపోవడం, ముసలివాళ్లను తాళం వేసిన ఇంటి అరుగు మీద వదిలిపోవడం, పరంచి మీది నుంచి పడినవాడిని మూటగట్టి తేవడం, ఇవేవీ సర్వేలో ఖర్చు కింద రాయరు.

ఎకరాన్ని చూసి ఇచ్చే సాయం

2018 మేలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టింది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో దాన్ని 6,000 చేస్తూ మన నియోజకవర్గంలోని కోస్గి మండలం చంద్రవంచలోనే ప్రారంభించారు. ఏడాదికి ఎకరానికి 12,000 చొప్పున రెండున్నర ఎకరాల ఇంటికి 30,000 రూపాయలు. విత్తనాల వేళ అప్పులవాడి గడప తొక్కనివ్వని ఆ డబ్బు విలువ నాకు తెలుసు. పొలం నుంచి తీసుకున్నది కొంతైనా పొలానికి తిరిగిచ్చే పద్ధతిగా దాన్ని నేను గౌరవిస్తాను.

అయితే ఈ సాయం పట్టాను చూస్తుంది, చెమటను చూడదు. పట్నంలో స్థిరపడ్డ పట్టాదారు ఖాతాలో డబ్బు పడుతుంది, అదే చేను దున్నే కౌలుదారుకు అందదు. చాలా ఇళ్లలో మగవాళ్లు వలసపోతే సేద్యమంతా చేసేది ఆడవాళ్లు, కానీ పాస్‌బుక్కు మీద పేరు మగవాళ్లది. ఎకరాలు ఎక్కువున్నవాడికి ఎక్కువ, తక్కువున్నవాడికి తక్కువ. భూమిలేని వ్యవసాయ కూలీలకు ఏడాదికి 12,000 ఇస్తామంటూ అదే రోజు మొదలైన ఆత్మీయ భరోసా సరైన దిశలో వేసిన అడుగు. సేద్యం చేసేవాడిని గుర్తించి, ఆ మనిషికి సాయం చేర్చడం ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

భూమి ఇచ్చి తెచ్చుకునే ఉద్యోగం

ఇక మనసు కష్టపెట్టే విషయానికి వస్తాను. రెండో ఆదాయం దగ్గరికి రావాలంటే పరిశ్రమ దగ్గరికి రావాలి. పరిశ్రమకు భూమి కావాలి. 2024 నవంబర్ 11న దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా పరిశ్రమల భూసేకరణపై ప్రజాభిప్రాయం సేకరించడానికి అధికారులు వచ్చిన రోజు ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. అధికారుల మీద దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి, రోటిబండ తండా వంటి చోట్ల ఆడవాళ్లు రాత్రిళ్లు నిద్రలేక గడిపారు. ఆ నెలాఖరులో ఫార్మా ప్రకటనను ప్రభుత్వం ఉపసంహరించుకుని, తర్వాత బహుళ ప్రయోజన పారిశ్రామిక పార్కు ప్రతిపాదన తెచ్చింది. దాడిని నేను సమర్థించను. ఆ భయాన్ని మాత్రం అర్థం చేసుకోమంటాను.

ఆ భయానికి లెక్క ఉంది. రెండెకరాల మనిషికి భూమి నుంచి వచ్చే డబ్బు తక్కువే. అయినా ఆ భూమి అతనికి పింఛను, పిల్ల పెళ్లికి పూచీ, బ్యాంకు ముందు పరపతి, బొంబాయిలో పని దొరకని ఏడు తిరిగిరావడానికి ఒక చోటు. కొవిడ్‌లో నడిచొచ్చినవాళ్లను నిలబెట్టింది ఆ రెండెకరాలే. జపాన్ రైతు పొలం ఉంచుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. మన రైతును పొలం ఇచ్చేసి ఫ్యాక్టరీ వైపు చూడమంటున్నాం. మొదటి ఆదాయం ఉండగా తోడైతేనే అది రెండో ఆదాయం. మొదటిదాన్ని తీసుకుని ఇచ్చేది కొత్త జూదం.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్‌లో భూమి కోల్పోయే కుటుంబానికి మూడు దారులు రాశారు. ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి ఐదు లక్షలు, లేదా ఇరవై ఏళ్ల పాటు నెలకు రెండు వేలకు తగ్గకుండా, ధరలతో పాటు పెరిగే వార్షికం. కాగితం మీద ఇది రైతు మనసు తెలిసి రాసినట్టే ఉంటుంది. ఆచరణలో ఉద్యోగం అంటే గేటు దగ్గర కాపలా, కాంట్రాక్టరు కింద ఊడ్చే పని కాకూడదు. పార్కు కడుతున్న రెండు మూడేళ్లలోనే ఆ ఊరి పిల్లలకు అక్కడ అవసరమయ్యే పని నేర్పాలి. ముందు శిక్షణ, ఆ తర్వాతే గేటు తెరవాలి. కొనడానికి బదులు లీజుకు తీసుకోవడం, పార్కులో భూమి ఇచ్చినవారికి వాటా ఇవ్వడం వంటివి ఊరి ముందు పెట్టి, ఊరి మాట వినాలి.

దూరం తగ్గించే పనులు

పరిశ్రమ అంటే బయటి నుంచి వచ్చేదే కానక్కర్లేదు. తాండూరులో పప్పు మిల్లులు ఎప్పటి నుంచో ఉన్నాయి. మన కంది భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నా, చాలా మంది రైతులు దాన్ని ఇంకా కందులుగానే అమ్ముతున్నారు. పప్పు చేసి, పేరు రాసి, ప్యాకెట్ కట్టినప్పుడు పెరిగే విలువలో రైతుల కంపెనీకి వాటా దొరికితే అది ఊళ్లోనే దొరికిన రెండో ఆదాయం. దానికి చిన్న మిల్లు, గోదాము, తక్కువ వడ్డీ అప్పు, కల్తీని పట్టే పరీక్ష కావాలి. బయటి కందిని తాండూరు పేరుతో అమ్మితే ఆ గుర్తింపు వృథా.

నీళ్లు మొదటి ఆదాయాన్ని బలపరుస్తాయి. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు 2024 ఫిబ్రవరిలో కోస్గిలో శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చిన రోజున అందరూ వరి వైపు పరుగెత్తితే కాక్రేన్ చెప్పిన గానుగే మళ్లీ. ఆ నీటితో కందికి రెండు తడులు ఇచ్చి, కూరగాయలు, పశుగ్రాసం, పాడి పెంచుకుంటే ఇంటికి నెలనెలా డబ్బు వస్తుంది. 2018–19 సర్వేలో పశువుల మీద ఆదాయం ఆరేళ్లలో రెట్టింపైందని గుర్తుంచుకోండి.

కొడంగల్‌కు రైలు లేదు. వికారాబాద్ నుంచి కృష్ణా దాకా లైను కోసం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. రైతు కుటుంబానికి రైలు అంటే పొద్దున పోయి పని చేసి రాత్రికి ఇంటికొచ్చి పడుకునే వీలు. లెక్కలు చూడండి. జిల్లాల వారీ తలసరి ఉత్పత్తిలో పలు సంవత్సరాలుగా రంగారెడ్డి మొదటి స్థానంలో, వికారాబాద్ చివరి స్థానంలో ఉంటున్నాయి. 2016 దాకా వికారాబాద్, తాండూరు ఆ రంగారెడ్డిలోనే ఉన్నాయి. రాష్ట్రంలో అన్నిటికంటే సంపన్నమైన నేల, అన్నిటికంటే వెనుకబడ్డ నేల పక్కపక్కనే ఉన్నాయంటే, వాటి మధ్య ఉన్నది దారి, చదువు, నైపుణ్యం లేకపోవడమే. ఆ దూరాన్ని బడితో, బస్సుతో, రైలుతో తగ్గించవచ్చు.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది సేద్యం చేయరు. అందులో సిగ్గుపడాల్సింది లేదు, అమ్మానాన్నలకు ద్రోహం చేసినట్టూ కాదు. రైతుల సంఖ్య తగ్గడం వల్ల మిగిలిన రైతుకు కొంత ఊపిరి దొరుకుతుంది. అయితే మీరు బయటికి పోవడం ఇష్టంతో, చేతిలో పనితనంతో జరగాలి. మేస్త్రి అడ్వాన్సు తీసుకుని, అప్పు తీర్చడానికి బస్సెక్కే పోక మీతో ఆగిపోవాలి.

మాస్టారి గది

2015లో తపాలా శాఖ పాత మనియార్డరును ఆపేసింది. అప్పటికే మాస్టారు పదవీ విరమణ చేశారు. ఇప్పుడు పుణెలో పని చేసే కొడుకు పంపిన డబ్బు అమ్మ ఫోన్లో గంట మోగేలోపు వచ్చి పడుతుంది. మేలే జరిగింది. ఆ గంట డబ్బు ఎంతో చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు.

మా అమ్మ ఆ రోజుల్లో అడిగిన ప్రశ్నను ఈ జిల్లాలో ప్రణాళికలు వేసే ప్రతి బల్ల మీద ఉంచాలని నా కోరిక. రైతు కుటుంబం ఆదాయం పెరిగిందని లెక్క చూపినప్పుడు, ఆ డబ్బు ఏడికెల్లి వచ్చిందని అడగాలి. తాండూరు మిల్లు నుంచా, వికారాబాద్ ఆస్పత్రి నుంచా, పరిగి దాకా బస్సెక్కి పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే ఉద్యోగం నుంచా, లేక ఇంకా థానే నుంచేనా. జవాబు దగ్గరి ఊరి పేరు అయినప్పుడు ఆ అంకెను మనం పెరుగుదల అని నమ్ముదాం.

నా చిన్నప్పుడు ఒక ఏడు వానలు బాగా పడి, కంది బాగా వచ్చి, మా నాయిన బొంబాయి వెళ్లలేదు. ఆ వేసవిలో ఒక రోజు మాస్టారు మా ఇంటి ముందు నుంచి సైకిల్ మీద పోతూ ఆగి, ఈ ఏడు మీకు నా దగ్గర ఏమీ లేదమ్మా అన్నారు. మా అమ్మ అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ నవ్వారు. నాయిన లోపల మంచం నేస్తున్నాడు.